వీపు మీద పన్నెండు కుట్లు

నాకు వేలాడే దారం చూస్తే ఊరుకోలేని జబ్బుంది. బస్సులో ముందు సీటాయన కాలరు వెనక పోగు ఊగుతుంటే, ఆయన దిగేదాకా నా వేళ్ళు ఒకచోట ఉండవు. ఒక శుక్రవారం ఇక్కడ ఖతర్‌లో, అబూ హమూర్ చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, నేను ముందు వరసలో నిలబడ్డావిడ జాకెట్టు దారం పుటుక్కున తెంపాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ ప్రార్థనంతా తల దించుకునే ఉన్నాను. అయినా నాకు బుద్ధి రాలేదు.

ఆ జబ్బే నాకు అన్నం పెట్టింది, అదీ నిజమే. ఉమ్ ఘువైలినాలో నేను పనిచేసే దర్జీ షాపు చాలా చిన్నది. మూడు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గల్లా బల్ల, అంతే. అరబ్బులు తొడుక్కునే తెల్లటి తోబులు కుడతాం, ఆడవాళ్ళ నల్లటి అబాయాలు పొట్టి చేస్తాం, బడిపిల్లల యూనిఫారాలకి పట్టీలు వేస్తాం. బట్ట ఏదైనా చివర్న నా చేతికి రావాలి. ఒక్క పోగు కూడా లేకుండా దులిపి, తిరగేసి, కత్తిరించి ఇవ్వడం నా డ్యూటీ. నా చేతిమీదుగా వెళ్ళిన బట్టకి వంక పెట్టినవాళ్ళు లేరని నేను తెగ మిడిసిపడేదాన్ని.

మాది నరసాపురం దగ్గర ఒక పల్లెటూరు. మా అమ్మ లేసు అల్లేది. నాకు ఏడేళ్ళు రాకముందే చేతిలో లేసు సూది పెట్టింది. నేను అల్లిన పువ్వు తీసుకెళ్ళి చూపిస్తే ముందువైపు చూసేదే కాదు, తిరగేసేది. వెనక ఒక్క పోగు కనపడినా మొత్తం విప్పించేది. ఏడుస్తూ విప్పేదాన్ని, ఏడుస్తూ మళ్ళీ అల్లేదాన్ని. ఇంత వయసొచ్చాక కూడా ఏ బట్ట ఇచ్చినా నా చెయ్యి ముందు దాన్ని తిరగేస్తుంది.

షాపులో నాకు తోడు ఇస్త్రీ చేసే అన్న. ఆయనది జగిత్యాల వైపు. నాకన్నా పదేళ్ళు పెద్ద, నన్ను చెల్లె అని పిలుస్తాడు. మొదట్లో కట్టడాల కంపెనీలో చేరి, క్యాంపులో ఉండి, నడుము పట్టేసి ఈ పనిలోకి వచ్చాడు. ఇంటి దగ్గర ముగ్గురు ఆడపిల్లలు. వాళ్ళకి ఇప్పటికీ నాన్న ఉండే ఊరు దుబాయే. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా, “ఏదైతేంది నాయినా, దుబాయే గదా” అంటారని నవ్వుతాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండేళ్ళ కిందట ఒక చైనా ఆవిడ తన పట్టు గౌను తెచ్చింది. మెడ నుంచి చంక కిందకి ఏటవాలుగా వేసే గుండీల్లో ఒకటి పోయింది. అవి మనం కొనుక్కునే గుండీలు కావు. అదే పట్టుని సన్నగా ఏటవాలుగా కోసి, తాడులా కుట్టి, ఆ తాడుని చిక్కుముడిలా ఉండకట్టి గుండీ చేస్తారు. ఎలా కట్టారో చెప్పే మనిషి లేడు. ఒక గుండీని నేనే విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పి, ఒక సెలవురోజంతా కూర్చుని పట్టేశాను. ఆ గౌను మీద గుండె దగ్గర కుట్టిన పెద్ద పువ్వు ఒకటుంది. అలవాటుగా తిరగేసి చూశాను. వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉంది. ఒక్క కొస లేదు, ఒక్క ముడి లేదు. అది కుట్టిన చేతులకి మనసులోనే దండం పెట్టాను. మా అమ్మ చూస్తే ఎంత మెచ్చుకునేదో అనుకున్నాను.

గుండీ బాగా కుదిరిందని ఆవిడ నలుగురికీ చెప్పింది. ఉమ్ ఘువైలినాలో ఒక ఇండియన్ ఆవిడకి చైనా, జపాను పట్టుబట్టల పని తెలుసని ఊళ్ళో పాకింది. నాకు తెలిసింది ఒక్క గుండీ. జపాను బట్ట ఎలా ఉంటుందో కూడా నేను ఎన్నడూ చూడలేదు. కానీ కాదనలేదు. రెండూ ఆ వైపు పట్టే కదా, ఏముంటుందిలే తేడా అనుకున్నాను. ఎవరైనా అడిగితే తల ఊపేదాన్ని.

అలా వచ్చింది ఆవిడ. జపాను మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయేమో. అల్ రయ్యాన్ నుంచి టాక్సీలో వచ్చింది. మందపాటి తెల్లకాగితంలో చుట్టిన పొట్లం గల్లా బల్ల మీద పెట్టి, రెండు చేతులతో నావైపు జరిపింది. ఇంగ్లీషు ఆవిడకీ అంతంతే, నాకూ అంతంతే. దానివల్ల ఇద్దరం నెమ్మదిగా, ఒక్కొక్క మాటా చూసుకుని మాట్లాడుకున్నాం.

పొట్లం విప్పితే లోపల ఎర్రపట్టు. ఏడాది లోపు పిల్ల తొడుక్కునే కిమోనో. చేతులు తలగడ గలేబుల్లా వెడల్పుగా ఉన్నాయి, ఒంటికి చుట్టి కట్టడానికి మెడపట్టీ దగ్గర రెండు తాళ్ళు. ఎరుపు మీద లెక్కపెట్టలేనన్ని తెల్లటి చుక్కలు, ఆ చుక్కలన్నీ కలిసి ఆకుల ఆకారం. మన బాందినీ లాంటిదే. చుక్క చుక్కకీ దారంతో ముడివేసి, రంగులో ముంచి, ఆరాక విప్పుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. వేలు పెట్టి తడిమితే ఒక్కో చుక్కా ఉబ్బెత్తుగా తగిలింది. తాను పెళ్ళికి ముందు తొడుక్కున్న కిమోనోని తన పాప కోసం తన తల్లి విప్పి, చిన్నదిగా కుట్టి పంపిందట.

“ఈ తాడు ఊడింది. పాప లాగింది. ఇది ఒక్కటి కుడితే చాలు” అంది.

ఇది ఒక్కటి అని ఎంత స్పష్టంగా చెప్పిందో నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తాడు పది నిమిషాల పని. కుట్టాక బట్టని తిరగేశాను. వీపు వైపు, మెడకి కాస్త కింద, తెల్లపట్టు దారంతో కుట్లు ఉన్నాయి. కొన్ని నిలువుగా కిందికి దిగి, అక్కడి నుంచి పక్కకి వాలాయి. అదేమీ పువ్వు కాదు, ఆకు కాదు. కుట్టుకీ కుట్టుకీ మధ్య చాలా ఎడం. చివర్న దారం కత్తిరించకుండా వదిలేశారు, జానెడు పొడుగున వేలాడుతోంది. టాకా కుట్లు అనుకున్నాను. గుడ్డ జరగకుండా ముందు పెద్ద పెద్దగా వేసి, పని అయ్యాక తీసిపారేసే కుట్లు. అంత మంచి పట్టు మీద ఎవరో తీయడం మరిచిపోయారు, పాపం కళ్ళు కనపడని ముసలమ్మ అయి ఉంటుందనుకున్నాను. చైనా గౌను వెనకవైపు గుర్తొచ్చింది. అంత శుభ్రం వాళ్ళది, ఈ బట్ట మాత్రం ఇలా ఎందుకుండాలి?

కత్తెర తీశాను. మెడ దగ్గర ముడిని కట్ మనిపించి, కొస పట్టుకుని లాగితే మొత్తం చేతికొచ్చింది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. దారం చెత్తసంచిలో పడేశాను. పట్టు మీద సూది గుర్తులు మిగిలితే ఇస్త్రీ అన్నకిచ్చి, “కాస్త ఆవిరి పట్టించన్నా, గుర్తులు పోవాలి” అన్నాను. ఆయన దూరం నుంచే ఆవిరి పట్టి వేలితో రుద్దాడు. పట్టు మళ్ళీ కొత్తదానిలా అయింది. అక్కడ ఎన్నడూ కుట్టు లేనట్టే ఉంది.

రెండు రోజుల తర్వాత ఆవిడ వచ్చింది. ఈసారి చంకలో పాప ఉంది. తాడు చూసి తల వంచి నమస్కారంలా ఊపింది. తర్వాత కిమోనోని తిప్పింది. ఆవిడ వేళ్ళు వీపు దగ్గర ఆగాయి. ఇటు తడిమింది, అటు తడిమింది. బట్టని వెలుతురుకి పెట్టి చూసింది.

“ఇక్కడ దారం ఉండాలి” అంది.

“తీసేశాను మేడమ్. ఎవరో వదిలేశారు, మంచి బట్టకి బాగాలేదు” అన్నాను. నవ్వుతూ అన్నాను. మెచ్చుకుంటుందని ఎదురుచూశాను కూడా.

ఆవిడ ముఖంలో ఏమీ మారలేదు. బట్టని బల్ల మీద పెట్టి, పాపని ఇంకో చంకకి మార్చుకుని, నిదానంగా చెప్పింది. పెద్దవాళ్ళ కిమోనోకి వీపు మధ్యలో కుట్టు వస్తుందట. వెనకనుంచి వచ్చే చెడుని ఆ కుట్టు కాపు కాస్తుందని వాళ్ళ నమ్మకం. పసిపిల్లల బట్ట ఒకే పన్నాతో, గుడ్డ ఒక్క వెడల్పుతోనే అయిపోతుంది, వీపున కుట్టు రాదు. దానికోసం వేరుగా పన్నెండు కుట్లు వేస్తారు, ఏడాదికి పన్నెండు నెలలని. కొస వేలాడనిస్తారు. పిల్ల నీళ్ళలోనో నిప్పులోనో పడబోతే దేవుడు ఆ కొస పట్టుకుని పైకి లాగుతాడు.

“మా అమ్మ కుట్టింది. ఇప్పుడు అమ్మకి చూపు పోయింది. ఇదే ఆఖరుగా కుట్టింది” అంది. “పాపకి గుండె ఆపరేషన్ ఉంది. అప్పుడు పక్కన ఉంచుదామని.”

నేను అప్పుడు ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. తప్పయిందని అనలేదు. నోరు ముందు పుట్టింది నాకు. “ముందే చెప్పాలి కదా మేడమ్, మాకెలా తెలుస్తుంది?” అన్నాను. ఆవిడ ఒక్కసారి నన్ను చూసి, “అవును, నేను చెప్పలేదు” అంది. తిట్టినా బాగుండేది. పొట్లం కట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ భుజం మీంచి పాప నన్నే చూస్తూ వెళ్ళింది. ఆ పెదాలు నేరేడుపండు తిన్నట్టు నల్లగా ఉన్నాయని అప్పుడు గమనించాను.

ఇస్త్రీ అన్న పెట్టె పక్కన పెట్టేశాడు. “ఏం జేసినవ్ చెల్లె?”

“నాకేం తెలుసన్నా? చెప్పి ఇవ్వాలి కదా మనిషన్నాక.”

“చెప్పుడేంది? పసిపిల్ల గుడ్డకు దారం ఉంటే ఊకెనే ఉంటదా? మన పోరగాండ్లకు మొలతాడు గట్టమా? ఎవలన్న వచ్చి అది మంచిగ లేదని కోసేస్తే ఊకుంటమా?” అని, తన అరచెయ్యి చూసుకుని, “గుర్తు సుత నేనే చెరిపిన. ఈ చేత్తోనే” అన్నాడు.

మొలతాడు అనగానే నా ప్రాణం చివుక్కుమంది. నా కూతురికి పుట్టిన పదో రోజున మా అమ్మ మొలకి నల్లదారం కట్టింది. మా అమ్మ ఆదివారం తప్పకుండా గుడికి వెళ్ళే విశ్వాసి, కూటాల్లో సాక్ష్యం చెప్పే మనిషి. పాస్టరుగారు చంటిదాన్ని చూడటానికి వస్తే కనపడకుండా గౌను కిందికి లాగేది. “ఏంటమ్మా ఇది, నీకు నమ్మకమా?” అంటే, “నమ్మకం కాదే, చంటిది” అనేది. నా కూతురు ఇప్పుడు ఇక్కడే ఇండియన్ స్కూల్లో తొమ్మిది చదువుతోంది. ఆ నల్లదారాన్ని కత్తిరించి పారేసింది లేదు. నా ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది. అలాంటిదాన్ని, నాకు తట్టకపోవడమేమిటి?

ఇద్దరం చెత్తసంచి బోర్లించాం. తోబుల షాపు మాది. సంచిలో ఉన్నదంతా తెల్లదారమే. మూడు రోజుల కత్తిరింపులు, వేల కొసలు, అన్నీ తెలుపే. పట్టుదారానికి మెరుపు ఉంటుందని ఒక్కొక్కటీ వెలుతురులో పట్టి చూశాను. మధ్యాహ్నం ఒంటిగంటకి షాపు మూసినా తినడానికి వెళ్ళలేదు. మెరిసేవి ఏడు దొరికాయి. ఏది ఆ అమ్మ చేతి దారమో చెప్పే దారి లేదు. నేలమీద కూర్చుని ఏడ్చాను. అన్న చీపురు తెచ్చి ఊడ్చాడు.

రసీదు పుస్తకంలో ఆవిడ ఫోన్ నంబరు ఉంది. నాలుగు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను, చెయ్యడానికి ముఖం చెల్లలేదు. అయిదో రోజు ఆవిడే వచ్చింది. పాప, పొట్లం, ఒక తెల్లపట్టు దారం ఉండ.

“ఇది తల్లి చేత్తో కుట్టాలి. నాకు సూది పట్టడం రాదు. అందుకే అమ్మ కుట్టింది. మీరు నేర్పిస్తారా?” అంది.

అప్పుడన్నాను తప్పయిందని. తెలుగులో అన్నాను, ఇంగ్లీషు మాట అందలేదు. ఆవిడకి అర్థమైందనుకుంటాను.

షాపు ఒంటిగంటకి మూస్తే మళ్ళీ నాలుగింటికి తెరుస్తాం. ఆ మూడు గంటల్లో, మూడు మధ్యాహ్నాలు, షట్టరు సగం దించి ఆవిడకి సూది పట్టడం నేర్పాను. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే మనిషి. సూదిలో దారం ఎక్కించడానికే పావుగంట పట్టింది. వేళ్ళు పొడుచుకుంది, నోట్లో పెట్టుకుంది, మళ్ళీ మొదలెట్టింది. తోబు ముక్కల మీద గీత గీసిచ్చి దాని మీద కుట్టమన్నాను. మా అమ్మ నన్ను విప్పించినట్టే నేనూ విప్పించబోయాను. అంతలో ఆవిడ ముఖం చూసి మానుకున్నాను.

పాపని ఏడవనివ్వకూడదు. ఏడిస్తే రంగు మారిపోతుంది, ఊపిరందదు. ఆ పని ఇస్త్రీ అన్న తీసుకున్నాడు. గుడ్డముక్కలు నింపిన బుట్టలో పాపని కూర్చోబెట్టి, చేతికి టేపు ఇచ్చి, దూరంగా నిలబడి ఆవిరి బుస్సుమని వదిలేవాడు. బుస్సన్నప్పుడల్లా పాప కిలకిల నవ్వేది. “ఓ బుజ్జవ్వ, ఇటు జూడు, పామొచ్చె” అనేవాడు. పాపకి ఆయన భాష ఎందుకు, ఆ గొంతు చాలు. ఒకసారి టేపుని మెడకి చుట్టుకుని నాలాగే పోజు పెట్టి కూర్చుంటే ముగ్గురం నవ్వాం. ఆ జపాను ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి.

మూడో మధ్యాహ్నం అసలు బట్ట తీశాం. నా పెన్సిలు గుర్తు వద్దంది. ఊపిరి బిగబట్టి, మెడ దగ్గర లోపలి నుంచి సూది పైకి తెచ్చింది. ఒకటి, రెండు అని వాళ్ళ భాషలో లెక్కపెట్టుకుంటూ కుట్టింది. వంకరగానే వచ్చాయి. నిలువుగా దిగి పక్కకి వాలాయి. పన్నెండోది అయ్యాక కొస జానెడు వదిలి, కత్తిరించమని కత్తెర నా చేతికిచ్చింది. ఆవిడ చూపించిన చోటే కత్తిరించాను.

మొదట్లో వేసిన ముడి వదులుగా ఉందని నాకు బెంగ. కొస పట్టి ఎవరైనా లాగితే ఆపాల్సింది ఆ ముడే. అది జారితే కుట్లన్నీ వరసగా వచ్చేస్తాయి. అందుకని మా లేసు ముడి నేర్పాను. దారాన్ని మూడు చుట్లు చుట్టి, చుట్ల మధ్య నుంచి తీసి, గోటితో కిందికి దించి బిగించే ముడి. చాకిరేవు బండ మీద పదేళ్ళు బాదినా ఊడదు. ఆవిడ బిగిస్తుంటే నా వేలు దాని మీద పెట్టి నొక్కాను. ఇంకా, ఇంకా అన్నాను. ఆవిడ వేలికి దారం కోసుకునేదాకా బిగించింది.

నేను ఏ దేవుడికి మొక్కానో చెప్తాను. నా ప్రభువుకే. తండ్రీ, వాళ్ళ దేవుడెవరో నాకు తెలియదు, నువ్వే ఈ కొస పట్టుకో, నేను చేసిన పాపం ఈ పసిదానికి తగలనివ్వకు అనుకున్నాను. ఆపరేషన్ రోజున పని చేస్తూనే ఉన్నాను, ఒక తోబుకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టేశాను. సాయంత్రం ఫోన్‌లో మెసేజి వచ్చింది. “పాప బాగుంది.” అన్నకి చూపిస్తే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇద్దరం ఆ సాయంత్రం కరక్ చాయ్ తెప్పించుకుని తాగాం. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఏ మెసేజీ రాలేదు. నేనూ అడగలేదు. బాగున్నవాళ్ళని ఎందుకు విసిగించడం అనుకున్నాను.

పదో రోజు మధ్యాహ్నం షట్టరు దించుతుంటే ఆవిడ వచ్చింది. చంకలో పాప లేదు. బయట కారులో ఆవిడ భర్త స్టీరింగు పట్టుకుని ఎటో చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ చేతిలో ఆ తెల్లకాగితం పొట్లం ఉంది. నాకు చెప్పక్కర్లేకపోయింది. మిషను పట్టుకుని నిలబడ్డాను. ఇస్త్రీ అన్న లోపలి నుంచి, “బుజ్జవ్వ ఏదమ్మా?” అంటూ నవ్వుముఖంతో వచ్చాడు. ఆవిడ ముఖం చూసి అక్కడే ఆగిపోయాడు.

ఆవిడ ఏడవలేదు. అంతకుముందు చెప్పినట్టే నిదానంగా చెప్పింది. జ్వరం వచ్చింది, తగ్గలేదు. రేపు విమానంలో జపానుకి తీసుకెళ్తున్నారు. ఈ బట్ట తొడిగే తీసుకెళ్తారు.

“వెళ్ళిపోయినవాళ్ళకి తొడిగే బట్టలో ముడి ఉండకూడదు. ముడి ఉంటే వెళ్ళలేరు. కత్తెర తగలకూడదు. మా వైపు అలా” అంది. “నేను నిన్నటి నుంచి విప్పాలని చూస్తున్నాను. మీరు నేర్పిన ముడి. విప్పడం మీరు నేర్పలేదు.”

నేర్పలేదు. విప్పాల్సి వస్తుందని ఎవరనుకున్నారు?

కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. బట్ట ఒళ్ళోకి తీసుకుని మెడపట్టీ లోపలివైపు తిప్పాను. ఆవగింజంత ముడి. మొదట్లో కత్తెరతో ఒక్క క్షణంలో తీసేసింది ఈ చోటే. ఇప్పుడు కత్తెర పక్కనే ఉంది, ముట్టుకోవడానికి లేదు. సన్నసూది తీసుకుని చుట్ల మధ్యకి దూర్చబోయాను. దూరలేదు. ఇంత గట్టిగా ఎందుకు బిగించమన్నానో, ఎవరి మీద పంతానికి బిగించమన్నానో అని నన్ను నేను తిట్టుకున్నాను. వేళ్ళ మధ్య నలిపాను. నాలుక మీద తడి చేసుకుని అద్దాను. మళ్ళీ సూది. కళ్ళల్లో నీళ్ళు నిండి ముడి రెండుగా కనపడేది. పట్టు మీద పడితే మరక పడుతుందని తల పక్కకి తిప్పుకుని, తుడుచుకుని, మళ్ళీ వంగేదాన్ని.

గంట దాటినా మొదటి చుట్టు కూడా కదలలేదు. “కోసేస్తే ఎవరికీ తెలియదు మేడమ్” అని నోటిదాకా వచ్చింది. తలెత్తేసరికి ఇస్త్రీ అన్న బల్ల మీది కత్తెర తీసుకెళ్ళి సొరుగులో పెడుతున్నాడు. “ఓపిక వట్టు చెల్లె. వస్తది. నువ్వేసిందే గదా, నీ మాట ఇంటది” అన్నాడు. గోడవైపు తిరిగి అక్కడే నిలబడ్డాడు.

చివరికి సూది మొన వదిలేసి, సూది వెనకవైపు మొద్దుకొసతో కింద నుంచి కొంచెం కొంచెంగా నెట్టాను. మా అమ్మ అలాగే విప్పేది. మొదటి చుట్టు వెంట్రుకవాసి లేచింది. తర్వాత రెండోది. మూడోది దానంతటదే విడిపోయింది. దారం అక్కడ వంకీలు తిరిగి మిగిలింది కానీ ముడి లేదు. నా గోరు చీలి రక్తం వస్తోందని అప్పుడు చూసుకుని చెయ్యి దూరంగా తీశాను.

“అయింది” అన్నాను.

ఆవిడ బట్ట తీసుకుని ఒళ్ళో పరుచుకుంది. వీపు మీద పన్నెండు కుట్లు వంకరగా, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కింద కొస వేలాడుతోంది. ఎర్రటి పట్టు మీద ఆ తెల్లచుక్కలన్నీ, ఎప్పుడో ఎవరో ముడివేసి విప్పిన చుక్కలు. ఆవిడ వాటిని అరచేత్తో నిమిరింది. తర్వాత కొసని రెండు వేళ్ళతో పట్టుకుంది.

లాగింది. గట్టిగా కాదు. నిద్రపోయే పిల్లని లేపుదామా వద్దా అన్నట్టు లాగింది. ఆపడానికి ముడి లేదు కదా. పన్నెండో కుట్టు లేచింది, పదకొండోది లేచింది, అలా మెడదాకా ఒక్కొక్కటే జారుకుంటూ వచ్చేసి దారం మొత్తం ఆవిడ చేతిలోకి వచ్చింది. దారం ఒక్కటే వచ్చింది.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. స్టూలు మీంచి కిందికి జారి, నేలమీద కూర్చుని, ఆ దారాన్ని గుప్పిట్లో పట్టుకుని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నేను ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను.

చాలాసేపటికి లేచి, ముఖం తుడుచుకుని, బట్ట మడతపెట్టబోయింది. వీపు మీద సూది గుర్తులు వరసగా కనపడుతున్నాయి. ఇస్త్రీ అన్న అలవాటుగా పెట్టె అందుకున్నాడు. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఇస్త్రీ వద్దు. అవి ఉండాలి” అంది.

దారాన్ని తన చూపుడువేలికి చుట్టుకుంది. పన్నెండు చుట్లు వచ్చాయో లేదో నాకు తెలియదు. మా ఇద్దరికీ తల వంచి, పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళిపోయింది. కారు మలుపు తిరిగేదాకా అన్న గుమ్మంలోనే నిలబడ్డాడు.

నాలుగింటికి షట్టరు పైకెత్తాం. పన్నెండు తోబులు ఫినిషింగ్‌కి ఉన్నాయి. మొదటిది తీసి తిరగేశాను. కాలరు దగ్గర ఒక కొస వేలాడుతోంది. కత్తెర పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అన్న చూసి, నా చేతిలోంచి తోబు తీసుకుని, ఆ రోజుకి నా పని తనే చేశాడు.